ఇంటర్నెట్ కరణం జాన్ పోస్టెల్

కంప్యూటర్లతో బతుకుతున్న మన పూర్వ విద్యార్థుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

జాన్ పోస్టెల్ 1943లో కాలిఫోర్నియాలో పుట్టారు. లాస్ ఏంజెలెస్‌లోని వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. ఇంటర్నెట్‌కు పునాది వేసిన వింట్ సర్ఫ్, స్టీవ్ క్రాకర్‌లదీ ఆ బడే.

మన కడప, కర్నూలు పల్లెల్లో ఏ సర్వే నంబరు ఎవరిదో కరణం చిట్టా చూసి చెప్పేవారు. ఇంటర్నెట్‌లో ఏ నంబరు దేనికో పోస్టెల్ దగ్గర ఉండేది. ఒకే నంబరు ఇద్దరికి పడకుండా చివరిదాకా కాపాడారు. మొదట్లో కంప్యూటర్ల పేర్లు, అడ్రసులన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. యంత్రాలు పెరిగి అది సరిపోక, కొత్త దారి చూడమని పాల్ మొకపెట్రిస్‌కు అప్పగించారు. 1983లో డీఎన్ఎస్ వచ్చింది.

అలాంటి ఫైలు లినక్స్‌లో నేటికీ ఉంది. కర్నూలు ల్యాబులో ఒక యంత్రానికి తుంగభద్ర అని పేరు పెట్టామనుకోండి. బయటి డీఎన్ఎస్‌కు ఆ పేరు తెలియదు. సి ప్రోగ్రాంలో గెట్‌యాడ్రిన్ఫోను పిలిస్తే, సిస్టమ్ సాధారణంగా ముందు ఈటీసీ హోస్ట్స్ ఫైలు చూస్తుంది. అందులో అడ్రసు, పేరు ఒక వరుసలో రాస్తే చాలు. రేపు అడ్రసు మారితే ఆ వరుస దిద్దుతాం, ప్రోగ్రాం జోలికి పోము. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే.

1998 అక్టోబరు 16న, 55 ఏళ్లకే పోస్టెల్ కన్నుమూశారు. ఆ బాధ్యతను అందుకోవడానికి ఐకాన్ సంస్థ అప్పటికి కొన్నాళ్ల ముందే ఏర్పడింది. పెద్దాయన పోయినా చిట్టా ఆగలేదు.

మన సంఘానికీ ఒక చిట్టా ఉంది. చిరునామా మారినవారు దయచేసి తెలియజేయండి.