అశరీరవాణి గారడి: ఆర్సన్ వెల్స్ జీవితము

చెల్లెలిని అత్తవారింటికి సాగనంపుచు తానే రథము తోలుచున్న కంసునకు ఆకాశమునుండి ఒక మాట వినవచ్చెను. పలికినవారు కనబడలేదు. ఐనను కంసుడు శంకింపక వెంటనే కత్తి దూసెను. ముఖము లేని కంఠమునకు గల బలమట్టిది. ఎదుటనున్న మనుష్యుని మాటను అతని కన్నులు చూచి తూచుదుము. ఎక్కడినుండియో వచ్చిన మాటను తూచుటకు త్రాసు లేదు. మన రేడియోకు ఆకాశవాణి యని పేరు పెట్టిన పెద్దలు ఈ సంగతి నెరిగియే పెట్టిరేమో! ఆ బలమును ఒక రాత్రి, ఒక గంటసేపు ప్రయోగించి, ఆ గంట నీడను కడవరకు వెంటబెట్టుకొని తిరిగిన అమెరికా నటుడు ఆర్సన్ వెల్స్.

ఆర్సన్ 1915వ సంవత్సరము మే నెల 6వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమునందలి కెనోషా పట్టణమున జన్మించెను. తండ్రి సైకిలు దీపముల వ్యాపారమున ధనము గడించినవాడు. తల్లి పియానో వాద్యమున ప్రవీణురాలు. దంపతులకు పొసగక విడిపోయిరి. బాలునకు తొమ్మిదేండ్లు నిండిన నాలుగు దినములకే తల్లి గతించెను. మద్యమునకు లోబడిన తండ్రి 1930లో పోయెను. ఉడ్‌స్టాక్ అను ఊరి బడిలో రోజర్ హిల్ అను ఉపాధ్యాయుడు ఈ బాలుని చేరదీసి, నాటకములాడు స్వేచ్ఛ నిచ్చెను. తల్లిదండ్రులు లేని కుర్రవానికి ఆ రంగస్థలమే ఇల్లయ్యెను.

పదునారవ యేట ఐర్లండు దేశమునకు పోయి, డబ్లిన్ నగరమున గేట్ థియేటరు వారి తలుపు తట్టి, తాను న్యూయార్కున పేరుమోసిన నటుడనని చెప్పుకొనెను. అది శుద్ధ అబద్ధము. నాటకశాలవారు నమ్మలేదు గాని, చెప్పిన తీరునకు ముచ్చటపడి వేషమిచ్చిరి. అబద్ధమును అందముగ చెప్పినచో లోకము కోపగింపదని ఆ కుర్రవాడు అప్పుడే గ్రహించియుండును. స్వదేశమునకు మరలి, 1936లో న్యూయార్కులోని హార్లెమునందు నీగ్రో నటులతోనే షేక్స్పియరుని మాక్బెత్ ఆడించి కీర్తి గొనెను. మరుసటి యేడు జాన్ హౌస్‌మన్ అను మిత్రునితో కలిసి మెర్క్యురీ థియేటరును స్థాపించెను. పగలు రంగస్థలము, మిగిలిన వేళల రేడియో. గంభీరమైన ఆ కంఠము అప్పటికే దేశమంతటికిని పరిచితము.

1938 జూలై నుండి కొలంబియా రేడియో సంస్థ ఈ మెర్క్యురీ సమాజమునకు వారమునకొక గంట కాలమిచ్చెను. ప్రసిద్ధ గ్రంథములను నాటకములుగ మార్చి వినిపించుట వారి పని. ఖర్చు భరించు వ్యాపారస్థుడు లేడు, వినువారును స్వల్పము. అదే వేళకు మరియొక సంస్థ ఎడ్గార్ బెర్గెన్ అను బొమ్మలాటగాని హాస్యమును వినిపించుచుండెను. పెదవి కదల్పక బొమ్మచేత మాటలాడించు విద్యను కన్ను చూడజాలని రేడియోలో ప్రదర్శించుట వింతయే. ఐనను జనము దానికే చెవియొగ్గిరి.

అక్టోబరు 30, ఆదివారము నాటకమునకు హెచ్. జి. వెల్స్ నవల నొకదానిని ఎన్నుకొనిరి. ఈ ఆంగ్లేయ గ్రంథకర్తకును మన ఆర్సనుకును పేర్లు ఒక్కటిగ వినబడుటయే గాని చుట్టరికము లేదు. 1898లో వెలువడిన ఆ నవల పేరు ది వార్ ఆఫ్ ది వరల్డ్స్. జాతకములందు మనము దోషమెంచు కుజుని లోకమునుండి వింతజీవులు ఇంగ్లండు పల్లెలపై దిగి, మూడుకాళ్ల యంత్రములెక్కి, అగ్నికిరణములతో జనమును మాడ్చుదురు. ఫిరంగులు వారిని నిలుపజాలవు. తుదకు కంటికానని సూక్ష్మక్రిములవలన వారే నశింతురు.

నాటకముగ మార్చు పని హోవార్డ్ కోచ్ అను రచయితపై పడెను. గడువు వారమైనను లేదు. కథను ఇంగ్లండునుండి తెచ్చి న్యూజెర్సీ రాష్ట్రమున నిలిపెను. కుజులు దిగవలసిన చోటు కొరకు కన్నులు మూసి పటముమీద పెన్సిలు ఆనించగా గ్రోవర్స్ మిల్ అను కుగ్రామము తగిలినదట. మొదటి అభ్యాసము చప్పగ తోచెను. అంత, కథ చెప్పుట మాని, కథయే వార్తగ వచ్చునట్లు దిద్దిరి.

ఆ దిద్దుబాటులోనే ఉన్నది కిటుకంతయు. రాత్రి 8 గంటలకు ఇది నాటకమను ప్రకటనతో మొదలిడిరి. పిమ్మట వాతావరణ సమాచారము, ఒక హోటలునుండి నృత్యసంగీతము. సంగీతము నడుమ ఆగి, కుజగ్రహమున విస్ఫోటనములు కనబడినవని ఒక వార్త. మరల సంగీతము. వినువాడు విసుగు చెందబోవువేళ మరియొక వార్త. ఖగోళ పండితుడుగ ఆర్సనే పలికెను. గ్రోవర్స్ మిల్ పొలములో ఉల్కవంటిది పడినదని విలేఖరి పరుగెత్తెను. ఆ వేషధారి ఫ్రాంక్ రీడిక్. 1937లో న్యూజెర్సీలోనే హిండెన్‌బర్గ్ ఆకాశనౌక దగ్ధమైనప్పుడు చూచుచున్న విలేఖరి గొంతు ఎట్లు వణకెనో, ఆ రికార్డును పలుమారులు విని తన గొంతునకు పట్టించుకొనెను. అగ్నికిరణము సోకు ఘట్టమున అతని మాట సగములో తెగెను. పిదప నిశ్శబ్దము. కొన్ని క్షణములే, కాని గదిలో ఒంటిగ కూర్చున్నవానికి అవి యుగములు. ఆ నిశ్శబ్దమును సాగదీయగల ధైర్యము ఆర్సనుది. తరువాత ఒక మంత్రి ప్రజలకు ధైర్యము చెప్పెను. పేరు మంత్రిది, గొంతు మాత్రము అధ్యక్షుడు రూజ్వెల్టు గొంతే!

నలుబది నిమిషములలో సైన్యములు కూడుట, పోరుట, మడియుట, న్యూయార్కు నిర్మానుష్యమగుట అన్నియు ముగిసినవి. గోడగడియారము వంక ఒక్కసారి చూచిన, కాలము లెక్క కుదరదని తెలియవలసినదే. కాని భయపడినవాడు గడియారము చూడడు. మరియు ఒక నెల క్రిందటనే, సెప్టెంబరులో, మ్యూనిక్ ఒప్పందము నాటి దినములలో, యూరపున యుద్ధము వచ్చునో రాదో యని జనము రేడియో చుట్టు కూర్చుండిరి. నిజమైన వార్తలే కార్యక్రమముల నడుమ నిట్లు చొరబడుచుండెను. కనుకనే భయపడినవారిలో పలువురు కుజులమాట చెవిని బెట్టక, దండెత్తినవారు జర్మనులని తలచిరి. ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయమునుండి ఇద్దరు భూగర్భశాస్త్ర పండితులు ఉల్కను వెదుకుచు బయలుదేరిరి.

నాటకమని నాలుగుమారులు ప్రకటించిరి గదా యని అడుగవచ్చును. ధర్మరాజును కుంజరమను మాట పలికెను. అది ద్రోణుని చెవిని బడలేదు. ఆలస్యముగ రేడియో తిప్పినవారికి మొదటి ప్రకటన వినబడలేదు. రెండవది వచ్చుసరికి సగముపైగ కథ గడచెను. ఇందు తప్పు పలికినవానిదా, విననివానిదా యని అప్పుడును వాదించిరి.

మరునాటి పత్రికలు దేశమంతయు వెఱ్ఱెత్తి వీధులబడినట్లు మొదటి పుటలలో వ్రాసెను. ఇచటనే లెక్క చూడవలసియున్నది. ఆ రాత్రియే హూపర్ సంస్థవారు టెలిఫోనుమూలమున 5000 ఇండ్లను విచారించగా, ఈ నాటకమును వినుచున్నామనినవారు నూటికి ఇద్దరు. భయపడినవారుండుట నిజము, పోలీసువారికిని పత్రికలకును టెలిఫోనులు వెల్లువయైనదియు నిజము. ఆ భయమున మరణించినట్లు నిర్ధారణయైనవారు మాత్రము లేరు. 1940లో హాడ్లీ కాంట్రిల్ అను ఆచార్యుడు అరువది లక్షలమంది వినిరనియు, పదిలక్షలకు పైగ కలతచెందిరనియు అంచనా కట్టెను. ఆ అంకెలు హెచ్చని ఇటీవలి పరిశోధకులు వాదింతురు. పత్రికలకు ఒక కంటకము కలదు. ప్రకటనల సొమ్ము రేడియోవైపు మరలుచుండెను. రేడియో నమ్మదగనిదని చాటుటకు ఇంతకన్న మంచి అదను దొరకునా? కుజుల దండయాత్ర ఒక గంటలో ముగిసెను గాని, పత్రికలు కట్టిన కథ నేటికిని నడుచుచున్నది. నాటకమునకు ప్రకటనయైనను ఉండెను. దీనికి అదియు లేదు.

మరునాడు ఇరువది మూడేండ్ల ఆర్సన్, గడ్డము గీయని ముఖముతో విలేఖరుల నడుమ నిలిచి, ఇట్లగునని ఎరుగనని విన్నవించుకొనెను. చాలయేండ్ల పిమ్మట, రేడియోను గ్రుడ్డిగ నమ్మువారికి బుద్ధిచెప్పుటకే అట్లు చేసితినని మాట మార్చెను. రెండింటిలో నిజమేదియో నిర్ణయించుట కష్టము. డబ్లిన్ తలుపు తట్టిన కుర్రవానిని తలచుకొన్నచో రెండవదానిని నమ్మబుద్ధి కాదు. ప్రభుత్వము శిక్షింపలేదు. పైపెచ్చు, ఖర్చు భరించువారు లేని ఆ కార్యక్రమమునకు కాంబెల్ సూపు వ్యాపారులు దొరకిరి. హాలీవుడ్ పిలిచెను. 1941లో వెలువడిన సిటిజన్ కేన్ చిత్రమున ఆయన చిత్రించినది ఒక పత్రికాధిపతినే. తన్నే చిత్రించినాడని కోపించి హెర్స్ట్ అను పత్రికాధిపతి తన పత్రికలలో ఆ చిత్రమునకు ప్రకటనకైనను చోటీయలేదు. నేడు లోకమునందలి ఉత్తమ చిత్రములలో నొకటిగ దానిని ఎంచుదురు. ఆ తరువాతి చిత్రమును ఆయన బ్రెజిలుననుండగా యజమానులు కత్తిరించివేసిరి. అప్పటినుండి చేతికి సొమ్ము చాలక, మొదలుపెట్టిన చిత్రములు ముగియక, ఇతరుల చిత్రములలో వేషములు వేసి తన చిత్రములకు డబ్బు కూర్చుకొనెను.

ఆర్సన్ నాటకము ప్రాణము తీయలేదు. దాని అనుకరణ తీసెను. 1949 ఫిబ్రవరి 12వ తేదీన దక్షిణ అమెరికాలోని క్విటో నగరమున అక్కడి రేడియోవారు ఇదే కథను తమ ఊరి పేర్లతో ప్రసారము చేసిరి. జనము వీధులబడెను. నాటకమని తెలిసినంతనే భయము క్రోధమై, రేడియో నిలయమున్న ఎల్ కొమెర్సియో పత్రికాలయమునకు నిప్పంటించిరి. ఆరుగురికి తక్కువ కాకుండ ఆ మంటలలో చనిపోయిరి. పత్రికాలయమును రేడియోయు అచట ఒక్క కప్పుక్రిందనే యుండెను.

ఆర్సన్ 1985 అక్టోబరు 10వ తేదీన, డెబ్బదియేండ్ల వయస్సున, లాస్ ఏంజెలిస్ నగరమున హృద్రోగముచే మరణించెను. కోరికమేరకు అస్థికలను స్పెయిన్ దేశమున రోండా పట్టణమువద్ద ఒక తోటలో నిక్షేపించిరి. మూడేండ్ల పిదప, ప్రసారమునకు ఏబదియేండ్లు నిండిన సందర్భమున, గ్రోవర్స్ మిల్ గ్రామస్థులు తమ ఊరి ఉద్యానమున ఒక కంచు స్మారకఫలకము నిలిపిరి. కుజులు దిగిరని రేడియో చెప్పిన ఊరది. అచట ఆ రాత్రి ఏమియు పడలేదు.