క్రీడాపోషకుడు విజయానంద గజపతి

మన పూర్వులు కావ్యమునకు ఇద్దరు కావలెననిరి: రచించుటకు కృతికర్త, భరించుటకు కృతిభర్త. కృతిభర్త అగ్రహారములిచ్చును, కనకాభిషేకము చేయించును. అందుకు ప్రతిఫలముగా ఆయన వంశము, కీర్తి కావ్యావతారికలో నిలుచును. పద్యము మాత్రము కవి చెప్పవలసినదే. ఈ హద్దునెరిగిన ప్రభువులు చిరకీర్తిని పొందిరి.

విజయనగరపు పూసపాటి వారికి ఈ మర్యాద క్రొత్తది కాదు. గురజాడ అప్పారావు ఆనందగజపతి ఆదరమున కన్యాశుల్కమును రచించి, 1897లో అచ్చువేసినపుడు ఆ ప్రభువునకే అంకితమిచ్చెను. తరువాతి ప్రభువగు విజయరామ గజపతి 1919లో సంగీత కళాశాలను నెలకొల్పి, ఆదిభట్ల నారాయణదాసును దానికి అధ్యక్షుని గావించెను. అంతేకాని కాలికి గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, తానే హరికథ చెప్పెదనని ఆయన పట్టుపట్టలేదు. ఆ విజయరామ గజపతి రెండవ కుమారుడు మాత్రము తాను పోషించిన కళలో ప్రధాన పాత్రను తానే ధరింపగోరెను. ఆ కళ క్రికెట్టు. ఆ కుమారుడే లోకమున ‘విజ్జీ’ యని ప్రసిద్ధికెక్కిన మహారాజకుమార విజయానంద గజపతి రాజు.

ఆయన 1905 డిసెంబరు 28వ తేదీన జన్మించెను. అప్పటికి విజయనగరము విశాఖపట్టణము జిల్లాలోనిది. అజ్మీరులో రాజకుమారులు చదువుకొను మేయో కళాశాలయందును, ఇంగ్లండులోని హేలీబరీ పాఠశాలయందును ఆయన విద్యాభ్యాసము సాగెను. 1922లో తండ్రి గతించెను. సంస్థానము జ్యేష్ఠుడగు అలక నారాయణ గజపతికి సంక్రమించెను. కనిష్ఠుడు కాశీలోని వంశపుటాస్తులను చూచుకొనుచు అచ్చటనే నివాసమేర్పరచుకొనెను. సింహాసనము లేని రాజకుమారునకు పుష్కలముగ ధనము, తీరికయు లభించెను. వేట, టెన్నిసు ఆయనకు ప్రియమైన వినోదములు. వానికి మించినది క్రికెట్టుపై వ్యామోహము. 1926లో ఆయన సొంత జట్టు నొకదానిని సమకూర్చి, తన భవనపు ఆవరణలోనే ఆటస్థలము నిర్మించెను.

ఆ సంవత్సరమే మరియొక తెలుగువాని పేరు దేశమంతట మారుమ్రోగెను. ఆయన కొఠారి కనకయ్య నాయుడు. ఆయన పూర్వులు మచిలీపట్టణమువారు. ఆయన 1895లో నాగపురమున జన్మించెను. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున, గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై నాయుడు 153 పరుగులు చేసెను. అందు 11 సిక్సరులు! ఇంగ్లీషువారి ఆటలో ఇంగ్లీషువారిని ఎదిరింపవచ్చునను ధైర్యము నాడు చూపరులకు కలిగెను. భారతదేశమునకు టెస్టు హోదా లభించుటకు ఈ ఇన్నింగ్సు కొంత దోహదము చేసినదని క్రీడాచరిత్రకారుల అభిప్రాయము.

విజ్జీ, నాయుడు ఇరువురును తెలుగువారే, ఇరువురును ఉత్తరదేశమున స్థిరపడినవారే. ఒకరికి ధనము పుట్టుకతో వచ్చెను. రెండవవారికి ఆట సాధనతో వచ్చెను. వీరిద్దరి కథ ఒకదానితో నొకటి పెనవేసికొన్నది.

ఆ రోజులలో ఆటగానికి ఆటయే జీవనాధారమగుట దుర్లభము. ప్రభువుల కొలువుననో, సంపన్నుల ఆశ్రయముననో ఉండిననే గాని సాధనకు అవకాశము లేదు. నాయుడుకూడ ఇందోరు హోల్కరు ప్రభువు సేనలో ఉద్యోగమంది ‘కల్నలు’ అయినవాడే. కావున ధనికుని ధనము ఆటను పాడుచేయుననుట సులభము. ఆ ధనము లేకున్న నాటి భారతదేశమున ఆట ఎంతవరకు సాగెడిదో ఆలోచించుట కష్టము. ఈ విషయమున విజ్జీ చేసిన మేలు తక్కువది కాదు. 1930–31లో శాసనోల్లంఘనోద్యమము కారణముగా ఎం.సి.సి. జట్టు పర్యటన రద్దయ్యెను. దేశమున పెద్ద ఆట లేకుండ పోవలసిన ఆ ఋతువున ఆయన స్వయముగా జట్టు కూర్చి, ఇండియాలోను సింహళములోను ఆడించెను. భారతదేశమునకు వచ్చుటకు అంతకుముందు పలుమారులు నిరాకరించిన జాక్ హాబ్స్‌ను, ఆయన జోడీయగు హెర్బర్టు సట్‌క్లిఫ్‌ను రప్పించెను. ప్రపంచములోకెల్ల శ్రేష్ఠమైన ప్రారంభపు జంట ఆటను మనవారు కన్నులార చూచిరి. పిమ్మట 1934లో వెస్టిండీసు వీరుడు లీరీ కాన్‌స్టంటైన్ కూడ ఆయన పిలుపున వచ్చెను. బాలుడగు ముస్తాక్ అలీని కాశీకి పిలిపించి శిక్షణ ఇప్పించినదియు ఆయనయే. 1934 జనవరిలో జార్డిన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టును కాశీలో విజ్జీ జట్టు 14 పరుగుల తేడాతో ఓడించెను. ఆ పర్యటనలో ఆ జట్టు ఎదుర్కొనిన పరాజయము అదియొక్కటే.

ఇంతవరకు ఆయన ఉత్తమ కృతిభర్త. ఇక కృతికర్త కావలెనను కోరిక కథ చెప్పవలసియున్నది.

1932లో భారత జట్టు ఇంగ్లండునకు తొలి టెస్టు ఆడుటకు బయలుదేరెను. పర్యటన నిమిత్తము విజ్జీ క్రికెట్టు బోర్డునకు 50,000 రూపాయల విరాళమిచ్చెను. ఉపనాయకునకు సహాయకుడను విచిత్రమైన పదవి ఆయనకు లభించెను. దానితో తృప్తి కలుగలేదో ఏమో, ఆరోగ్యము, ఆట సరిగా లేవని చెప్పి ఆయన ఓడ యెక్కలేదు. ఆ జట్టునకు నాయకుడు పోరుబందరు మహారాజు. రాజవంశీయుడు గాని నాయకుని మాట సాటి ఆటగాండ్రు వినరను భావము అప్పుడు బలముగా నుండెను. ఇంగ్లండులో సైతము జీతము తీసికొను ఆటగానికి నాయకత్వమొసగెడి ఆచారము లేదు. అక్కడ ఆ అడ్డు తొలగినది 1952లో లెన్ హటన్‌తోనే. అయినను పోరుబందరు ప్రభువు తన ఆట ఏపాటిదో తెలిసినవాడు. జూన్ 25న లార్డ్సు మైదానమున టెస్టు ప్రారంభమగునప్పటికి ఆయన స్వయముగా తప్పుకొనెను. ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు గాయపడియుండెను. అట్లు కనకయ్య నాయుడు భారతదేశపు ప్రథమ టెస్టు నాయకుడయ్యెను. పోరుబందరు మహారాజు చేసిన పరుగులను నేడెవరును లెక్కింపరు. ఆయన చూపిన వినయమును మాత్రము లోకము మరువలేదు.

విజ్జీ ఈ దృష్టాంతమును గ్రహింపలేదు. వైస్రాయి విల్లింగ్డను ప్రభువు పేర ఢిల్లీ కోట్లా మైదానమున ప్రేక్షకశాల కట్టించి ఇచ్చెను. జాతీయ పోటీలకు ఆ ప్రభువు పేరనే బంగారు పాత్ర నొసగ సిద్ధపడెను. పాటియాలా మహారాజు రంజిత్‌సింహుని పేర వేరొక పాత్ర నీయజూపెను. ఇద్దరు సంపన్నుల ఈ స్పర్ధలో తుదకు రంజీ పేరే నిలిచెను. కాని 1936 ఇంగ్లండు పర్యటనకు నాయకుని ఎన్నుకొను సమయమునకు విజ్జీ పలుకుబడి శిఖరము నందుకొనియుండెను. పటౌడీ నవాబు అనారోగ్యకారణమున తొలగెను. అనుభవముచేతను, ప్రతిభచేతను అర్హుడైన నాయుడు ఉండగనే, ఓట్ల బలమున నాయకత్వము విజ్జీని వరించెను.

నాయకునకు పరుగులొక్కటే ప్రమాణము కాదు. అయినను చెప్పవలసిన లెక్క చెప్పక తప్పదు. మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులాడి విజ్జీ చేసిన పరుగులు 33, సగటు 8.25. సులభమైన బంతులు వేయుటకై ప్రత్యర్థి జట్ల నాయకులకు బంగారు గడియారములు బహూకరించెనను ప్రవాద మొకటి కలదు. దాని సత్యాసత్యముల మాట యెట్లున్నను, అట్టి ప్రవాదము పుట్టుటయే ఆ నాయకత్వముపై నాటి తీర్పు.

ఆటలోని లోపముకన్న ఆయన ప్రవర్తన జట్టునకు ఎక్కువ హాని చేసెను. నాయుడు పక్షమని, విజ్జీ పక్షమని జట్టు రెండుగా చీలెను. అప్పటికి ఆ పర్యటనలో పరుగులందును వికెట్లందును ముందున్నవాడు లాలా అమరనాథు. 1933లో భారతదేశమునకు తొలి టెస్టు శతకము సంపాదించిన యువకుడతడు. జూన్‌లో మైనర్ కౌంటీల జట్టుతో ఆట జరుగుచుండగా, నడుము నొప్పితో బాధపడుచున్న అతనిని ప్యాడ్లు కట్టుకొమ్మని ఆజ్ఞాపించిరి. అటుపై ఒకరి వెనుక నొకరిని పంపుచు అతనిని కూర్చుండబెట్టిరి. ఆ దినపు ఆట ముగియుటకు కొద్ది నిమిషములుండగా అవకాశమిచ్చిరి. తిరిగివచ్చిన అమరనాథు కోపము పట్టలేక సామాను విసరి పంజాబీలో ఏమో గొణిగెను. అదే నేరమయ్యెను. మొదటి టెస్టు ఇంకను జరుగకమునుపే విజ్జీయు, మేనేజరు బ్రిటన్ జోన్సును అతనిని ఓడ యెక్కించి స్వదేశమునకు పంపిరి.

మొదటి టెస్టు, మూడవ టెస్టు ఇంగ్లండు తొమ్మిదేసి వికెట్లతో గెలిచెను. మాంచెస్టరులో జరిగిన రెండవ టెస్టు మాత్రము మనవారి పరువు నిలిపెను. విజయ మర్చంటు 114, ముస్తాక్ అలీ 112 పరుగులు చేసి, తొలి వికెట్టునకు 203 పరుగులు జోడించిరి. మర్చంటును రనౌటు చేయింపుమని విజ్జీ ముస్తాకును ప్రేరేపించెననియు, ముస్తాక్ ఆ సంగతి మర్చంటునకే చెప్పగా ఇద్దరును నవ్వుకొని ఆడిరనియు కథ వాడుకలో నున్నది. ఓవల్ మైదానమున జరిగిన చివరి టెస్టులో నాయుడు 81 పరుగులు చేసెను. అదియే ఆయన తుది టెస్టు. ఆ వేసవిలోనే బ్రిటిషు ప్రభుత్వము విజ్జీకి ‘సర్’ బిరుదమిచ్చెను. జట్టు ఓడుచుండగా నాయకుడు బిరుదాంకితుడగుట ఆనాటి వింతలలో నొకటి.

స్వదేశమునకు వచ్చినపిదప విచారణ జరిగెను. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంటు అధ్యక్షతనగల సంఘము 1937 జనవరిలో నివేదిక సమర్పించెను. బౌలర్లను మార్చుటయు, ఫీల్డర్లను నిలుపుటయు విజ్జీకి తెలియవనియు, బ్యాటింగు క్రమమును ఆయన నిలకడగా పాటింపలేదనియు సంఘము నిర్ణయించెను. అమరనాథు నిర్దోషి యయ్యెను. కాని పోయిన కాలమును ఏ నివేదికయు తిరిగి తేజాలదు. ఆ తరువాత ప్రపంచయుద్ధము వచ్చెను. భారతదేశము మరల టెస్టు ఆడినది 1946లోనే. 1934లో మూడవ టెస్టు ఆడిన అమరనాథు నాలుగవ టెస్టు ఆడునప్పటికి పండ్రెండేండ్లు గడచెను. ఆటగాని యౌవనము పరిమితమైనది. ఒకని అహంకారమునకు మరియొకడు చెల్లించిన మూల్యమది.

కథ ఇంతటితో ముగిసినచో విజ్జీ కేవలము హాస్యపాత్రగా మిగిలిపోయెడివాడు. ఆయన తరువాతి జీవితము అట్లు కాదు. 1937లో సంయుక్త రాష్ట్రములలో కొలది కాలము న్యాయశాఖ మంత్రిగా పనిచేసెను. 1947లో ‘సర్’ బిరుదమును త్యజించెను. చాలకాలము దూరముగ నుండి, క్రికెట్టు పాలకునిగా తిరిగివచ్చెను. 1954లో బోర్డు అధ్యక్షుడయ్యెను. ఉత్తరప్రదేశములో ఆటను వ్యాపింపజేసెను. 1952లో అమరనాథు తిరిగి దేశనాయకుడగుటకు విజ్జీయే తోడ్పడెను. అంతకన్న గమనింపదగినది మరియొకటి కలదు. 1956–57లో ఆయన తన ఉత్తరప్రదేశ్ జట్టునకు నాయకత్వము వహింపుమని పిలిచినది, అరువదియొక్క యేండ్ల వయసున నున్న కనకయ్య నాయుడును! ఇరువదేండ్లనాడు ఎవరి స్థానమును తాను ఆక్రమించెనో, ఆయనకే ఆ స్థానము నొసగెను. పశ్చాత్తాపమును మాటలతో ప్రకటించుట తెలియని మనుష్యులు ఇట్లే ప్రకటింతురు కాబోలు.

1958లో ఆయనకు పద్మభూషణ పురస్కారము లభించెను. 1959లో భారతజట్టు ఇంగ్లండులో ఆడుచుండగా బి.బి.సి.లో వ్యాఖ్యానము చేసెను. వ్యాఖ్యాతగా ఆయన ప్రసంగములు సుదీర్ఘములని శ్రోతలు పరిహసించెడివారు. 1960లోను, 1962లోను విశాఖపట్టణము ప్రజలు ఆయనను లోకసభకు ఎన్నుకొనిరి. చిన్ననాడు విడిచిపోయిన జిల్లా ఆయనను ఇట్లు మరల తనవానిగా చేసికొనెను. ఇంకను సభ్యుడుగా నుండగనే, అరువదియేండ్లు నిండుటకు కొలది దినములు మిగిలియుండగా, 1965 డిసెంబరు 2న కాశీలో ఆయన పరమపదించెను. విశ్వవిద్యాలయ విద్యార్థుల మండలాంతర క్రికెట్టు పోటీలకు ‘విజ్జీ ట్రోఫీ’ అని పేరు పెట్టిరి. విజయనగరములోని క్రీడాస్థలమును ఆయన పేరనే ప్రసిద్ధము.

నేడు ధనము ఆటలోనికి వేరొక ద్వారమున ప్రవేశించినది. 2003లో చెల్సీ, 2008లో మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ జట్లను విదేశీయ సంపన్నులు కొన్నపుడు, ధనముతో విజయమును కొనుట న్యాయమా యని ఇంగ్లండులో అభిమానులు వాదించుకొనిరి. 2008లోనే మనదేశమున ఆటగాండ్రను వేలములో కొను ఐ.పి.ఎల్. ప్రారంభమయ్యెను. హైదరాబాదు పేర వెలసిన డెక్కన్ చార్జర్సు జట్టు ఆ యేడు అట్టడుగున నిలిచి, మరుసటి యేడు విజేత యయ్యెను. 2012లో విశాఖపట్టణమునను ఆడి, యాజమాన్యపు ఆర్థికపుటిబ్బందులచే ఆ సంవత్సరమే అంతరించెను. మధురవాడ మైదానమున చేరిన యువకులు కేరింతలు కొట్టుచునే, ఈ ఆట ధనికులదా, ఆటగాండ్రదా యని తర్కించుకొనుట వింత కాదు.

ఆ తర్కమునకు విజ్జీ జీవితము ఒక సమాధానము చెప్పుచున్నది. హాబ్స్‌ను రప్పించినది, ముస్తాక్‌ను తీర్చిదిద్దినది ఆయన ధనమే. అమరనాథును ఓడ యెక్కించినదియు ఆ ధనము కొనిపెట్టిన అధికారమే. ఇందోరు హోల్కరు ప్రభువులు నాయుడును పోషించి, జట్టు పగ్గములను ఆయనకే వదలిరి. 1945–46లో ఆయన నాయకత్వమున హోల్కరు జట్టు రంజీ విజేత యయ్యెను. ధనమంతట ఒక్కటే, అది నిలిచిన చోటు మాత్రము వేరు. పందిరి వేయించినవాడు పందిరి క్రింద ముందు వరుసను కూర్చుండుట న్యాయమే. చిడతలు మాత్రము దాసుగారి చేతనే ఉండవలెను. విజయరామ గజపతి ఎరిగిన ఈ సత్యమును ఆయన కుమారుడు ఆలస్యముగ గ్రహించెను. గ్రహించినపిదప నాయుడును పిలిచి, బ్యాటును ఆయన చేతికందించెను.