నోబుల్ దొరగారు: పట్టిన పని విడువనివాడు

ధ్యానమునకు: లూకా 14:28–30; ఫిలిప్పీయులకు 3:12–14



డిసెంబరు 31వ తేది రాత్రి ఆరాధనలో మనమందరము తీర్మానములు చేసికొందుము. దినమును ప్రార్థన చేయుదుమనియు, అప్పు తీర్చుదుమనియు, పిల్లలను బడి మాన్పింపమనియు తలంతుము. సంక్రాంతి వెళ్లకముందే వాటిలో సగము మరతుము. బోధించు మేమును ఈ విషయములో మీవంటివారమే. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి, ముగించుటకు తగినంత యున్నదో లేదో చూచుకొనవలెనని ప్రభువు నేర్పెను. అట్లు చూచుకొని పని చేసిన యొకరి జీవితము మన బందరులోనే యున్నది.

రాబర్టు నోబుల్ గారు 1809లో ఇంగ్లండులో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివిరి. 1841లో చర్చి మిషనరీ సొసైటీవారు ఆయనను, హెన్రీ ఫాక్సు గారిని తెలుగువారి యొద్దకు పంపిరి. ఆ సొసైటీ తెలుగువారికి పంపిన మొదటి మిషనరీలు వీరే. బందరు చేరి యిద్దరును పని పంచుకొనిరి. ఊరూర తిరిగి సువార్త ప్రకటించుట ఫాక్సు గారి వంతు. ఇంగ్లీషు బడి పెట్టి, చదువుతోపాటు బైబిలు నేర్పుట నోబుల్ గారి వంతు.

అయితే ఆయన రాగానే బడి తెరువలేదు. ముందు రెండేండ్లు తెలుగు నేర్చుకొనిరి. దివిసీమ రైతు నారు పోయకుండ ఊడ్పునకు దిగునా? నారుమడిలో గడచిన దినములు వృథా కావు. 1843 నవంబరు 21న బడి తెరచినప్పుడు వచ్చిన పిల్లలు ఇద్దరే. సముద్రము దాటి వచ్చిన విద్వాంసునికి ఇద్దరు పిల్లలా యని ఆయన ఆ పనిని చిన్నచూపు చూడలేదు.

కష్టములు ఒకదాని వెంట నొకటి వచ్చెను. ఫాక్సు గారు ఆరోగ్యము చెడి ఇంగ్లండు వెళ్లి, 1848లో చిన్న వయస్సులోనే మరణించిరి. తొమ్మిదేండ్ల బోధకు ఫలముగా 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. ఆ సంతోషదినమే బడికి గండమాయెను. పట్టణములో అలజడి రేగి, తలిదండ్రులు తమ పిల్లలను మాన్పించిరి. నోబుల్ గారు పని మార్చుకొనలేదు, ఊరు విడువలేదు. మిగిలినవారితోనే పాఠము సాగించిరి. బడి మరల నిండెను. ఆ ఇద్దరు యువకులును తరువాత గురువులుగా అభిషేకింపబడిరి.

ఇక్కడ ఒక సత్యమును దాచరాదు. ఆయన పై కులముల బాలురను ఉద్దేశించి ఆ బడిని పెట్టిరి. అంటరానివారని త్రోయబడిన మన తాతల పిల్లలను చేర్చుకొన్నయెడల తక్కినవారు లేచిపోవుదురని వారిని చేర్చుకొనలేదు. గురి మంచిదైనను, దాని కొరకు ఎవరిని గుమ్మము బయట నిలిపితిమో చూచుకొనుట అవసరము. దేవుడు మాత్రము ఆ గుమ్మము తెరచువరకు కనిపెట్టలేదు. 1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్యగారు బాప్తిస్మము పొందుటతో కృష్ణా మండలములో మన పేదజనుల మధ్య సువార్తకు వేరొక త్రోవ తెరువబడెను. మనుష్యుని తీర్మానము ఎంత గట్టిదైనను ప్రభువు చిత్తముకంటె చిన్నదే.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచెను. సుమారు 30,000 మంది చనిపోయిరి. 1977 నవంబరు 19న దివిసీమ చూచిన దుఃఖము ఎరిగిన మనకు ఆ రాత్రి ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. నోబుల్ గారు బ్రదికిరి, బందరులోనే యుండిరి. మరుసటి యేడు 1865 అక్టోబరు 17న ఆ యూరనే కన్నుమూసిరి. ఇరువదినాలుగేండ్లలో ఒక్కసారియైనను స్వదేశము వెళ్లలేదు. ఆయన పేరు పెట్టుకొన్న కళాశాల నేటికిని బందరులో నడచుచున్నది.

కాబట్టి ఈసారి పది తీర్మానములు వలదు. ఒక్కటి చాలును. మంచివారమగుదుమని గాక, రాత్రి భోజనమునకు ముందు ఇంటిల్లిపాది ఒక అధ్యాయము చదువుదుమని అనుకొందము. అప్పు తీర్చుదుమని గాక, సార్వా పంట అమ్మిన దినమున ఇంత, దాళ్వా పంటకు ఇంత అని వ్రాసికొందము. ఆ కాగితమును బైబిలులో పెట్టి, నెలనెల ప్రభురాత్రి భోజన సంస్కారమునకు ముందు తీసి చూచుకొందము. తప్పినచో, చింపివేయక, అక్కడనుండియే మరల మొదలు పెట్టుదము. పౌలు తాను ఇంకను గమ్యము చేరలేదని ఒప్పుకొనియే పరుగెత్తెను. మన పరుగు ఎవరిని వెనుక విడిచి సాగుచున్నదో కూడ చూచుకొందము. మనలో పని మొదలు పెట్టిన ప్రభువే దానిని ముగించుటకు శక్తి నిచ్చును గాక. ఆమేన్.