కదలు బొమ్మల కాద్యుడు ఎమిల్ రేనో

మన గ్రంథాలయమునకు సాయంకాలము వచ్చు బాలురు బొమ్మల చలనచిత్రముల నెరుగుదురు గాని, వాని మూలపురుషు నెరుగరు. ఆయన ఫ్రాన్సు దేశస్థుడు. పేరు ఎమిల్ రేనో. పారిసు చేరువనున్న మోంత్రెయిలున 1844 డిసెంబరు 8వ తేదీన జన్మించెను. తండ్రి గడియారముల పనివాడు, పతకములు చెక్కువాడు. తల్లి నీటిరంగుల చిత్రములు వ్రాయ నేర్చినది. ఈ రెండు విద్యలును కుమారునికి సంక్రమించెను.

కొరివిని గిరగిర త్రిప్పినచో నిప్పుచక్రము కనబడును. చక్రము లేదు, కన్నును మనస్సును గలిసి దానిని కల్పించును. మన పెద్దలు దీనినే అలాతచక్రమనిరి. ఒకదానికంటె నొకటి రవంత మారిన బొమ్మలను వెంటవెంట చూపినచో బొమ్మ నడచినట్లు తోచుటయు నిట్టి భ్రమయే. ఈ సూత్రముతో చేసిన ఆటవస్తువులు రేనోకు ముందే కలవు. అయితే చీలికల గుండ చూడవలసి యుండుటచే వానిలో బొమ్మ మసకగా నుండెడిది. 1877లో రేనో చీలికలకు బదులుగా తిరుగు డబ్బా నడుమ పండ్రెండు అద్దములను నిలిపెను. డబ్బా లోపలి పట్టీమీద పండ్రెండు బొమ్మలు, అద్దమున కొక్కటి. దీనికి ప్రాక్సినోస్కోపు అని పేరు.

పండ్రెండు బొమ్మలతో కథ నడువదు గదా! 1888లో ఆయన పొడవైన పట్టీతో నడచు మరియొక యంత్రమునకు హక్కుపత్రము పొందెను. జిలటిను పలకలపై బొమ్మలను తానే చేతితో రంగులు వేసి వ్రాసెను. పలకల నడుమ రంధ్రములుండుటచే పట్టీ జారక చక్రముతో గూడ కదలెడిది. చెట్టుచేమలు, ఇండ్లు గల నేపథ్యమును వేరొక దీపముతో తెరపై వేసి, పాత్రలను మాత్రమే పట్టీపై నుంచెను. ఒకే తోటను వందల మారులు వ్రాయు శ్రమ తప్పినది. తరువాతి బొమ్మల చిత్రకారులు పలువురు ఈ యుపాయమునే మరియొక రూపమున పాటించిరి. వెలుగు తెర వెనుకనుండి పడెడిది, మన తోలుబొమ్మలాటలో వలెనే.

1892 అక్టోబరు 28న పారిసులోని గ్రెవాఁ ప్రదర్శనశాలలో మొదటి ఆట జరిగెను. ఆ తేదీనే 2002 నుండి అంతర్జాతీయముగా బొమ్మల చిత్రముల దినముగా జరుపుచున్నారు. నాడు చూపిన వానిలో పియరో అను విదూషకుని కథకు 500 బొమ్మలు. రేనో పట్టీని ముందునకు వెనుకకు త్రిప్పుచు దానిని పావుగంట నడిపెడివాడు.

లెక్కలు వ్రాయు చేతితో ఒక మాట చెప్పవలెను. ఆయన వ్రాసియిచ్చిన ఒడంబడిక మంచిది కాదు. యంత్రమును తానే నడుపవలెను, పట్టీలను తానే బాగుచేసికొనవలెను, అన్యత్ర ప్రదర్శింపరాదు. దినమునకు పలుమారులు ఆటయైనచో క్రొత్త బొమ్మలు వ్రాయుటకు తీరిక యెక్కడిది? ఇంతలో 1895 డిసెంబరు 28న అదే పారిసులో ల్యూమియేరు సోదరులు చలనచిత్రమును చూపిరి. నెలల తరబడి వ్రాయవలసినదానిని కెమెరా క్షణములలో పట్టుచుండ, చేతిబొమ్మల కాదరణ సన్నగిల్లెను. 1900లో రేనో ఆటలు నిలిచిపోయెను.

కడపటి యేండ్లలో ఆయన నిరాశ భరింపజాలక యంత్రమును పగులగొట్టి, తాను వ్రాసిన పట్టీలలో పెక్కింటిని సేన్ నదిలో పడవైచెను. 1918 జనవరి 9న ఈవ్రీలో కన్నుమూసెను. పియరో కథయు, సముద్రపుటొడ్డున స్నానపు గుడిసె చుట్టు జరుగు 636 బొమ్మల కథయు మాత్రము నేటికిని మిగిలియున్నవి.