పురాణాల పక్కన శాస్త్ర గ్రంథం పెట్టిన కొమర్రాజు

పెనుగంచిప్రోలు అనగానే తిరుపతమ్మ తల్లి తిరునాళ్ల గుర్తుకు వస్తుంది. తెలుగువారి చదువుకు కొత్త దారి వేసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులు పుట్టినదీ ఈ గ్రామంలోనే. 1877 మే 18న జన్మించిన ఆయన మూడేళ్ల ప్రాయంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. బాల్యం భువనగిరిలో గడిచింది. తరువాత అక్క భండారు అచ్చమాంబ, బావ మాధవరావుల వద్ద ఉండి నాగపూరులో చదువుకున్నారు. బడికి వెళ్లే అవకాశం లేని అచ్చమాంబ తమ్ముని పక్కన కూర్చుని అక్షరాలు నేర్చి, తరువాత స్త్రీల జీవిత చరిత్రలు రాసి పేరు తెచ్చుకున్నారు.

నాగపూరులో లక్ష్మణరావుకు మరాఠీ బాగా పట్టుబడింది. ఆ భాషలో వ్యాసాలు కూడా రాశారు. మరాఠీ పాఠకునికి చరిత్ర, శాస్త్రం వంటి విషయాలు తన భాషలోనే దొరుకుతుంటే, తెలుగులో అటువంటి పుస్తకాలు బహు తక్కువ. ఆనాడు చదువు వచ్చిన ఇంట భారతమో భాగవతమో, శతకమో కావ్యమో ఉండేది. అవి గొప్ప గ్రంథాలే. అయితే జ్వరం ఎందుకు వస్తుందో, ఇతర దేశాల ప్రజలు ఎలా బతుకుతున్నారో వాటిలో దొరకదు. ఆ లోటు తీర్చడమే ఆయన జీవిత కార్యమయింది.

లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారితో కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపనలో పాల్గొన్నారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయం వెలియడం చిన్న విషయం కాదు.

గ్రంథాలయం ఉంటే చాలదు, అందులో పెట్టడానికి పుస్తకాలు కావాలి. అందుకే 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. మండలి తొలి గ్రంథం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా నాయకుని కథ తెలుగు ఇంటికి వచ్చింది. తరువాత దేశ చరిత్రలు, జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, చారిత్రక నవలలు వెలువడ్డాయి. కలరా, చలిజ్వరం గురించి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి రాసిన పుస్తకాలు పల్లెలకు నేరుగా పనికివచ్చేవి. హిందూ మహాయుగం, మహమ్మదీయ మహాయుగం పేర్లతో లక్ష్మణరావు స్వయంగా చరిత్ర గ్రంథాలు రాశారు. మండలి చందాదారునికి తాను కోరిన రకం పుస్తకమే కాక, కోరాలని తోచని పుస్తకం కూడా చేతికి అందింది. అదే మండలి చేసిన అసలు మేలు.

ఇంతటితో ఆగక లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. సమస్త విషయాలనూ అకారాది క్రమంలో చెప్పాలన్నది సంకల్పం. ఒక మాట కోసం పుట తిప్పినవాడు దాని పక్కనే మరో శాస్త్రం చూస్తాడు. పని మహా సముద్రం. మూడు సంపుటాలు వెలువడినా 'అ' అక్షరం దాటలేదు. 1923 జూలైలో మద్రాసులో ఆయన మరణించేనాటికి వయస్సు 46 ఏళ్లు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని చేతికెత్తుకుని సంపుటాలు వెలువరించారు.

ఈనాడు పుస్తకాలకు కరువు లేదు. అయినా గ్రంథాలయంలో నవల చదివేవారు నవలల అలమారా వద్దే, భక్తి గ్రంథాలు చదివేవారు వాటి వద్దే ఆగిపోవడం కద్దు. అలవాటైన పుస్తకాన్ని వదలనక్కరలేదు. దానితోపాటు పక్క అలమారాలోని ఒక చరిత్రనో, ఆరోగ్య గ్రంథాన్నో ఇంటికి తీసుకువెళితే చాలు. 'అ' దగ్గర ఆగిన లక్ష్మణరావు పని అంతమేరకు ముందుకు సాగినట్టే.