సుబేదారు ఖుదాదాద్ ఖాన్

విక్టోరియా క్రాస్ చూపునకు చిన్న కంచు పతకమే గాని, ఆంగ్ల సైన్యమున శౌర్యమునకు అంతకు మించిన బహుమానము లేదు. అది 1856లో నెలకొల్పబడినను, 1911 వరకు భారతీయ సిపాయిలకు దానిని పొందు అర్హత లేకుండెను. ఏబదియైదు సంవత్సరములు మనవారు ఆంగ్లేయుల ప్రక్కనే నిలిచి పోరాడిరి, ప్రాణములు విడిచిరి. పతకము మాత్రము వారికి దూరమే. ఆ అడ్డు తొలగిన పిమ్మట దానిని మొదట సాధించినవాడు ఖుదాదాద్ ఖాన్.

ఆయన 1888 అక్టోబరు 20న, నేడు పాకిస్తానులోనున్న చక్వాల్ ప్రాంతమున దాబ్ అను గ్రామమున జన్మించెను. 129వ బలూచీ పటాలమున సిపాయిగా నుండగా 1914లో ఐరోపా మహాసంగ్రామము ప్రారంభమయ్యెను. ఆ పటాలము సముద్రము దాటి ఫ్రాన్సు చేరి, అచ్చటినుండి బెల్జియము దేశమునకు నడచెను. జర్మను సేనలు ఈప్ర్ పట్టణమును గెలిచి సముద్రతీరపు రేవులను పట్టవలెనని పైబడుచున్న దినములవి.

అక్టోబరు 31న హోలెబెకె గ్రామమువద్ద ఆ పటాలముపై శత్రువులు పెద్ద సంఖ్యతో విరుచుకొనిపడిరి. మనవారికున్నవి రెండే మరఫిరంగులు. ఒకదానిని శత్రువుల గుండు పాడుచేసెను, అధికారి గాయపడెను. రెండవదానియొద్ద ఆరుగురుండిరి. ఒకరి వెనుక నొకరుగా ఐదుగురు కూలిరి. ఖుదాదాద్ ఖాన్ తానును గాయపడియుండియు ఫిరంగిని విడువలేదు. మరణించెనని తలచి శత్రువులు విడిచిపోగా, చీకటిలో ప్రాకుచు తనవారిని చేరెను. ఆ ప్రతిఘటనవలన దొరకిన వ్యవధిలో సహాయక సేనలు వచ్చుటకు వీలయ్యెను.

ఇందొక విశేషము కలదు. పతకము ముందుగా చేతికందుకొన్న భారతీయుడు ఈయన కాదు. ఖుదాదాద్ ఖాన్ గాయములతో చికిత్స పొందుచుండగా, గఢ్వాలీ వీరుడు దర్వాన్ సింగ్ నేగికి 1914 డిసెంబరులో అయిదవ జార్జి చక్రవర్తి స్వయముగా ఫ్రాన్సులోనే దానిని నొసగెను. శౌర్యము చూపిన దినమునుబట్టి మొదటివాడు మాత్రము ఖుదాదాద్ ఖానే.

తరువాత ఆయన సుబేదారై, పదవి విరమించి, 1971 మార్చి 8న స్వదేశమున కన్నుమూసెను.

పతకమును వ్రేలాడదీయు కడ్డీ వెనుక దానిని పొందినవాని పేరును చెక్కుదురు. ఆ ఫిరంగియొద్ద పడిన ఐదుగురిని మనలో నెందరెరుగుదురు? ఈప్ర్ పట్టణమున మెనిన్ ద్వారమను స్మారకమొకటి కలదు. ఆ ప్రాంతమున మడిసి, సమాధియైనను తెలియని 54,000 మందికి మించిన సైనికుల పేర్లు దానిపై నున్నవి. భారతీయుల పేర్లును అందున్నవి. నేటికిని ప్రతిరాత్రి ఎనిమిది గంటలకు అచ్చట రాకపోకలు నిలిపి, వారికొరకు బాకాలూదుచున్నారు.