పాత విద్యార్థులకు దారి చూపిన కోపల్లె హనుమంతరావు

మచిలీపట్నం: తాము చదివిన కళాశాలను ఏటా ఒకసారి తలచుకునే పాత విద్యార్థులు చాలామందే ఉంటారు. సంఘం పెడతారు, చందా రాస్తారు, ఫోటో దిగి ఎవరి ఊరికి వారు పోతారు. ఆ తర్వాత రోజువారీ బరువు మోసేవారు ఒకరిద్దరే మిగులుతారు. సుమారు నూరేళ్ల క్రితం బందరులో అటువంటి బరువును జీవితాంతం మోసిన మహనీయుడు కోపల్లె హనుమంతరావు.

ఆయన, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరు నోబుల్ కళాశాల విద్యార్థులు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి శిష్యులు. చదువులయ్యాక కూడా ముగ్గురి స్నేహం విడిపోలేదు. కృష్ణారావు కృష్ణాపత్రిక సంపాదకులయ్యారు. పట్టాభి బందరులోనే వైద్యం పెట్టారు. హనుమంతరావు ఎం.ఏ., బి.ఎల్. పట్టాలు పొందారు. ఆ రోజుల్లో ప్లీడరు వృత్తి అంటే డబ్బుకు, పలుకుబడికి లోటులేని బతుకు.

1905లో బెంగాల్ విభజనతో స్వదేశీ ఉద్యమం లేచింది. 1907లో బిపిన్ చంద్రపాల్ కోస్తా జిల్లాల్లో పర్యటించి బందరులోనూ ప్రసంగించారు. మన చదువు మన చేతిలో ఉండాలన్న మాట యువకుల్లో బలంగా నాటుకుంది. ఆవేశం ఎందరికో కలిగింది గాని, దానిని కట్టడంగా నిలబెట్టే పనికి హనుమంతరావు పూనుకున్నారు. న్యాయవాద వృత్తిని వదులుకున్నారు. మిత్రుల తోడ్పాటుతో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది.

ప్రభుత్వ గ్రాంటు తీసుకుంటే ప్రభుత్వం చెప్పిన పాఠమే చెప్పాలి. అందుకని ఆ సొమ్ము వద్దనుకున్నారు. దాతల విరాళాలే ఆధారం. పుస్తకాల చదువుతోపాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం వంటి చేతిపనులు నేర్పారు. చదివినవాడు పనిని చిన్నచూపు చూడరాదని, పనివాడు చదువుకు దూరం కారాదని ఆయన ఆశయం.

ఇందులో చిక్కు లేకపోలేదు. అక్కడి చదువు సర్కారు కొలువుకు దారి కాదు. కొడుకు గుమాస్తా అయితే చాలుననుకునే తండ్రిని ఒప్పించడం సులభమా? స్వదేశీ వేడి చల్లారాక దేశంలో ఎన్నో జాతీయ పాఠశాలలు మూతపడ్డాయి. బందరు కళాశాల నిలిచింది. జాతీయ జెండా రూపశిల్పి పింగళి వెంకయ్య ఇక్కడ అధ్యాపకులుగా పనిచేశారు. 1921లో విజయవాడలో గాంధీజీకి ఆయన జెండా నమూనా అందించిన సంగతి అందరికీ తెలిసిందే. రచయిత, చిత్రకారుడు అడివి బాపిరాజు తర్వాతి కాలంలో ఈ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు.

హనుమంతరావు మాత్రం 1922లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటి ఎంతో కాలం కాలేదు. మిత్రులలో పట్టాభి 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించి, 1948లో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. కృష్ణారావు 1945లో మరణించేవరకు పత్రిక నడిపారు. ముగ్గురిలో ముందుగా వెళ్లిపోయిన హనుమంతరావు పేరు నేటి పిల్లలకు అంతగా తెలియకపోవడం విచారకరం.

గురువు దగ్గర నేర్చినదాన్ని పదిమందికి పంచడమే తాను చదివిన బడికి తీర్చే ఋణమని ఆయన జీవితం చెబుతున్నది. మన గ్రామాల్లో బడి గోడ బీటలు వారినా, పిల్లలకు పుస్తకాలు చాలకపోయినా ముందుగా కదలవలసింది అక్కడ అక్షరాలు దిద్దినవారే. చందా ఇచ్చేవారు దొరుకుతారు. రోజూ వచ్చి పని చూసుకునే ఒక్కరు ప్రతి ఊరికీ కావాలి.